మూలపడిన మెయిల్ క్లయింట్‌కు నేనే ప్యాచ్ వేసుకున్న నా అనుభవం

2025 ఫిబ్రవరి మూడో వారంలో, నేను అనువాదాలు చేసిపెట్టే ప్రచురణ సంస్థ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మే 1 నుంచి కేవలం పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే మెయిల్ ప్రోగ్రాములేవీ సంస్థ ఖాతాలను తెరవలేవని, బ్రౌజరులో గాని, ఓఆథ్ పద్ధతి (పాస్‌వర్డు బదులు, బ్రౌజరులో అంగీకారం తీసుకుని ఇచ్చే టోకెన్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) తెలిసిన యాప్‌లలో గాని మాత్రమే మెయిల్ చూసుకోవాలని, ఒక్కో ప్రోగ్రాముకు విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డులకు కూడా అనుమతి ఉండదని అందులో రాశారు. నేను వాడుతున్నది సిల్ఫీడ్ అనే మెయిల్ క్లయింట్, అంటే సర్వరు నుంచి ఉత్తరాలు తెచ్చి చూపే, మనవి పంపే ప్రోగ్రాము. జపాన్‌కు చెందిన హిరోయుకి యమామొటో సీ భాషలో రాసిన ఈ క్లయింట్‌కు 3.7.0 అనే చివరి స్థిర విడుదల 2018లో వచ్చింది. ఆ తర్వాత అది దాదాపుగా మూలపడింది. అందులో ఓఆథ్ లేదు. నాకున్న గడువు రెండు నెలల పైచిలుకు.

సంగతి వినగానే మా తమ్ముడి కొడుకు, "పెదనాన్నా, సిల్ఫీడ్ నుంచే చీలి వచ్చిన క్లాస్ మెయిల్ ఉంది కదా, దానికి ఓఆథ్ ఎప్పుడో వచ్చేసింది, మీకెందుకు ఈ తంటా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. నేను దాన్ని వారం రోజులు వాడి చూశాను, వంక పెట్టడానికేమీ కనబడలేదు. అయితే 2008 నుంచి వాడుతున్న సిల్ఫీడ్‌లో నేను సొంతంగా చేసుకున్న మార్పులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ప్రూఫులు పంపేటప్పటి తనిఖీ: విషయం వరుసలో నేను రాసిన ఫారం (ఒకే కాగితం మీద అచ్చయ్యే పుటల కట్ట) సంఖ్యకూ, జతచేసిన ఫైలు పేరులోని సంఖ్యకూ పొంతన లేకపోతే అది ఉత్తరాన్ని కదలనివ్వదు. ఈ తనిఖీ నన్ను ఎన్నిసార్లు కాపాడిందో ప్రెస్సువాళ్లకు తెలియదు గాని నాకు తెలుసు. పైగా ఉద్యోగం చేసిన రోజుల్లో సీ భాషలోనే పనిచేసినవాణ్ణి కాబట్టి, పరాయి కోడ్ చదవాలంటే బద్ధకమే తప్ప భయం లేదు. కొంత మొండితనం కూడా లేకపోలేదు.

కోడ్ జోలికి వెళ్లే ముందు మెయిల్ అంతటినీ వేరే డిస్కులోకి ఎక్కించాను. సిల్ఫీడ్ ఎంహెచ్ పద్ధతిలో నిల్వ చేస్తుంది, అంటే ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. ఏదైనా చెడితే ఒక ఉత్తరమే చెడుతుంది, మొత్తం నిల్వకు ప్రమాదం రాదు. కాని ఇన్నేళ్ల ఉత్తరాలను, అన్నన్ని చిన్న ఫైళ్లను, ఒక్కొక్కటిగా నకలు చేస్తుంటే యూఎస్‌బీ డిస్కు నత్తనడక నడిచింది. ఆ పనిని మధ్యలో ఆపి, మొత్తాన్ని ఒకే టార్ ఫైలుగా కట్టి పంపితే కాఫీ తాగి వచ్చేలోపు పూర్తయింది. ఈ వ్యవహారం మొత్తంలో నా జేబు నుంచి పోయిన డబ్బు ఆ డిస్కు ఖరీదు 3,800 రూపాయలు మాత్రమే. సిల్ఫీడ్‌కు సెట్టింగుల ఫోల్డరు ఎక్కడుందో మొదలుపెట్టేటప్పుడే చెప్పే వీలుంది; దాన్ని వాడుకుని ప్రయోగాలకు ఒక ఖాళీ ఫోల్డరు, ఒక ఉత్తుత్తి ఖాతా పెట్టుకున్నాను. అసలు ఫోల్డరును చూసినప్పుడే, నా పాస్‌వర్డులన్నీ ఖాతాల ఫైలులో ఎవరైనా చదువుకునేలా మామూలు అక్షరాల్లో ఉన్నాయని గమనించి గుండె గుభేలుమంది. ఇది ఎప్పటినుంచో అలాగే ఉన్న పద్ధతి, రహస్యమేమీ కాదు. నేనే ఎప్పుడూ ఆ ఫైలు తెరిచి చూడలేదు.

ఫిబ్రవరి ఆఖరి వారం కంపైల్ చేయడంతో, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చడంతో గడిచింది. సిల్ఫీడ్ నిలబడింది తెర మీద కిటికీలు, బొత్తాలు గీసిపెట్టే జీటీకే 2 అనే లైబ్రరీ మీద. జీటీకే 4 వచ్చిన 2020 డిసెంబరులోనే జీటీకే 2కు చివరి విడుదల చేసి, ఇక దాన్ని పట్టించుకోబోమని దాని నిర్మాతలు చెప్పేశారు. అయినా దాని లైబ్రరీలు నా డిస్ట్రిబ్యూషన్‌లో ఇంకా దొరుకుతున్నాయి. కంపైల్ మొదలుపెట్టగానే తెర మీద హెచ్చరికలు వరదలా వచ్చాయి. కంగారుపడి ఒక్కొక్కటే చదివితే, వాటిలో చాలా మటుకు ప్రతి ఫైలుకూ వల్లెవేసినట్టు వస్తున్న అవే రెండు హెచ్చరికలు. అవి సిల్ఫీడ్‌వి కూడా కావు, జీటీకే 2 హెడర్ ఫైళ్లు జీలిబ్ అనే దాని తోడు లైబ్రరీలోని పాతబడిన రకాలను వాడుతున్నందుకు వచ్చినవి. వాటిని నోరు మూయించే ఫ్లాగు పెట్టిన తర్వాతగాని, నిజంగా చదవవలసిన హెచ్చరికలు కంటికి ఆనలేదు. ఇలాంటి పని తలపెట్టేవారు మొదటిరోజే ఈ చప్పుడు తగ్గించుకోవడం మంచిది.

ప్రోగ్రాము తయారైంది, కిటికీ తెరుచుకుంది, ఖాతా మీద నొక్కాను. వెంటనే సర్టిఫికెట్‌ను ధ్రువీకరించలేకపోయామని, అంగీకరిస్తారా అని ఒక డబ్బా వచ్చింది. అంగీకరిస్తే పని జరిగిపోతుంది. కాని ఆ డబ్బాలోని వివరాలు చదివితే, సర్టిఫికెట్ ఎవరిదో చెప్పవలసిన చోట, "ఎస్‌ఎన్‌ఐ ఇవ్వలేదు, దయచేసి మీ క్లయింట్‌ను సరిచేయండి" అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఉంది. మొదట ఎవరో నా కనెక్షన్ మధ్యలో దూరారనుకున్నాను. తీరా చూస్తే అది మెయిల్ సర్వరే కావాలని పంపుతున్న ఉత్తుత్తి సర్టిఫికెట్. ఒకే సర్వరు ఎన్నో పేర్ల మీద సేవలు అందిస్తుంది కాబట్టి, తనకు ఏ పేరుతో పని ఉందో క్లయింటు మొదటి పలకరింపులోనే చెప్పాలి. ఆ చెప్పడమే ఎస్‌ఎన్‌ఐ. సిల్ఫీడ్ 3.7.0 చెప్పదు. మరి ఇన్నాళ్లూ ఎలా నడిచిందంటే, కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే పద్ధతి టీఎల్‌ఎస్, దాన్ని నడిపే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్; నా పాత ల్యాప్‌టాప్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు టీఎల్‌ఎస్ 1.2 వరకే వచ్చు. అలా వచ్చినవాళ్లను ఆ సర్వరు ఏమీ అనడం లేదు. 2018 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1తో టీఎల్‌ఎస్ 1.3 మొదలైంది. ఇప్పుడు కంపైల్ చేస్తున్న నా కొత్త ల్యాప్‌టాప్ 1.3లో మాట్లాడుతుంది గనుక, 1.3 తెలిసినవాడికి పేరు చెప్పడం కూడా తెలిసి ఉండాలన్నది సర్వరు వాదన. న్యాయమైన వాదనే.

దీనికి ప్యాచ్ (కోడ్‌కు వేసే దిద్దుబాటు) నిజంగా ఒక్క వరుస. హ్యాండ్‌షేక్ (ఆ మొదటి పలకరింపు) మొదలయ్యే చోటికి ముందు, సర్వరు పేరును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చేతికి అందించే ఫంక్షన్‌ను పిలవాలి, అంతే. ఆ ఒక్క వరుస ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. కనెక్షన్ మొదటినుంచే గుప్తంగా ఉండే దారి ఒకటి, మామూలుగా మొదలై మధ్యలో గుప్తంగా మారే దారి మరొకటి. రెండూ ఎక్కడ కలుస్తాయో చూసుకోకుండా ఒకదానికే వేస్తే, ఉత్తరాలు వస్తాయి గాని పోవు. పనిలో పనిగా, సర్టిఫికెట్ మీద ఉన్న పేరూ మనం అడిగిన పేరూ ఒకటేనా అని గట్టిగా చూసే ఏర్పాటు కూడా చేర్చాను. మార్చి 2 సాయంత్రం డబ్బా రాకుండా ఇన్‌బాక్స్ తెరుచుకుంది. ఆ సంతోషం ఆ రాత్రికే పరిమితం, ఎందుకంటే అసలు పని ఇంకా మొదలే కాలేదు.

ఓఆథ్‌లో కోడ్ కంటే ముందు కాగితాల పని ఉంటుంది. మెయిల్ సేవ దగ్గర మన ప్రోగ్రామును ఒక యాప్‌గా నమోదు చేసుకుని, ఒక గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. సంస్థ ఖాతా కాబట్టి వాళ్ల అడ్మిన్ అనుమతి కూడా కావాలి. మార్చి 3న ఉత్తరం రాశాను. మధ్యలో ఒకసారి గుర్తుచేయగా, 14న ఒక ఫారం వచ్చింది. అందులో వెండర్ పేరు, కంపెనీ చిరునామా, సపోర్ట్ ఫోన్ నంబరు అడిగారు. మూడింటిలోనూ నా వివరాలే రాసి పంపించాను. ఫోను చేసి అడ్మిన్ గారు నవ్వారు గాని, "వెండర్ కూడా మీరేనా సార్? అయితే పైవాళ్లను అడగాలి" అన్నారు. ఆ అడగడానికి ఏప్రిల్ మొదటి వారం వచ్చింది.

ఈలోగా ఊరుకోకుండా నా సొంత ఖాతా మీద ఒక యాప్ నమోదు చేసుకుని పరీక్షలు మొదలుపెట్టాను. బ్రౌజరులో లాగిన్ అయ్యే తతంగమంతా సీ భాషలో సిల్ఫీడ్ లోపలే రాయడం దండగ అనిపించింది. అందుకని ఆ భాగాన్ని ఒక చిన్న పైథాన్ స్క్రిప్టుకు వదిలేశాను. అది ఒక్కసారి బ్రౌజరు తెరిచి నా అంగీకారం తీసుకుని, దీర్ఘకాలం ఉండే రిఫ్రెష్ టోకెన్‌ను రహస్యాలను భద్రపరిచే సిస్టమ్ కీరింగ్‌లో దాచుకుంటుంది. అడిగినప్పుడల్లా దానితో గంటసేపు చెల్లే యాక్సెస్ టోకెన్ తెచ్చి ఇస్తుంది. సిల్ఫీడ్ చేయవలసిందల్లా ఆ స్క్రిప్టును పిలిచి, వచ్చిన టోకెన్‌ను సర్వరుకు ఇవ్వడం. ఇవ్వవలసిన రూపం కూడా చిన్నదే: మన చిరునామా, ఆ తర్వాత 1 విలువ గల కంట్రోల్ అక్షరం, బేరర్ అనే మాట పక్కన టోకెన్, చివర మళ్లీ అవే కంట్రోల్ అక్షరాలు రెండు, మొత్తాన్నీ బేస్64లోకి (ఏ బైట్లనైనా మామూలు అక్షరాలుగా రాసే పద్ధతిలోకి) మార్చాలి.

కోడ్ రాయకముందే ఈ మాటలను చేత్తో టైపు చేసి సర్వరుతో మాట్లాడి చూడటం అన్నిటికంటే పనికొచ్చింది. అన్నిటికంటే విసిగించిందీ అదే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వచ్చే పరీక్ష క్లయింటులో, వరుస మొదట్లో పెద్దబడి ఆర్ అక్షరం వస్తే దాన్ని తనకిచ్చిన ఆదేశంగా భావించి, సర్వరుకు పంపకుండా కనెక్షన్‌నే మళ్లీ మాట్లాడుకోబోతుంది. ఉత్తరాలు పంపే పద్ధతి అయిన ఎస్‌ఎంటీపీలో ఉత్తరం ఎవరికో చెప్పే ఆదేశం సరిగ్గా ఆ అక్షరంతోనే మొదలవుతుంది! ఆ ఆదేశాన్ని చిన్నబడిలో రాస్తే చాలు, సర్వరుకు రెండూ ఒకటే. ఇక లినక్స్‌లోని బేస్64 ఆదేశం తానుగా 76 అక్షరాలకొకసారి వరుస విరుస్తుంది. పొడవైన టోకెన్ ముక్కలై వెళ్తే సర్వరు మన పేరు తప్పనో, టోకెన్ తప్పనో అనదు, ఊరికే వాక్యం అర్థం కాలేదంటుంది. వరుస విరవవద్దని విడిగా చెప్పాలి. ఈ రెండు సంగతులూ ముందే తెలిసి ఉంటే నాకు రెండు సాయంత్రాలు మిగిలేవి.

అసలు ప్యాచ్‌కు నమూనా సిల్ఫీడ్‌లోనే దొరికింది. క్రామ్-ఎండీ5 అనే పాత ధ్రువీకరణ పద్ధతికి ఐమ్యాప్ (సర్వరులోని ఉత్తరాలు చూసే పద్ధతి) వైపూ, ఎస్‌ఎంటీపీ వైపూ కోడ్ ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని, అదే ధోరణిలో ఎక్స్‌ఓఆథ్2 అనే కొత్త పద్ధతిని, అంటే ఓఆథ్ టోకెన్‌తో మెయిల్ సర్వరులోకి లాగిన్ అయ్యే పద్ధతిని రాశాను. పేర్లు పెట్టే తీరు, ఖాళీలు వదిలే తీరు కూడా మూల రచయితవే ఉంచాను, ఎందుకంటే ఏడాది తర్వాత ఈ ఫైలు తెరిస్తే నాకు రెండు గొంతులు వినబడకూడదు. ఆ కోడ్ చదువుతుంటే దాని మీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు. ఫంక్షన్లు చిన్నవి, పేర్లు సూటిగా ఉన్నాయి, చతురత కోసం రాసిన వరుస ఒక్కటీ తగల్లేదు.

అన్నీ సరిగా ఉన్నప్పుడు మొదటిసారికే పనిచేసింది. టోకెన్ చెల్లనప్పుడు మాత్రం కిటికీ బిగుసుకుపోయింది, ఏ తప్పూ చూపలేదు. కారణం ఇది: ఈ పద్ధతిలో టోకెన్ నచ్చకపోతే సర్వరు వెంటనే కాదని చెప్పదు. ముందు బేస్64లో చుట్టిన ఒక వివరణ పంపి, దానికి జవాబుగా మన నుంచి ఒక ఖాళీ వరుస కోసం చూస్తుంది. ఆ ఖాళీ వరుస అందాకే కాదంటుంది. నా కోడ్ అవునో కాదో వినడానికి కూర్చుంది, సర్వరు ఖాళీ వరుస కోసం కూర్చుంది, పెళ్లిచూపుల్లో ఇరుపక్షాలూ ఎదుటివాళ్లే ముందు మాట్లాడాలని ఊరుకున్నట్టు. ఖాళీ వరుస పంపే నాలుగు మాటలు చేర్చి, ఆ వివరణను విప్పి లాగ్‌లో చూపేలా చేశాను. తర్వాత వచ్చిన ప్రతి ఇబ్బందిలోనూ ఆ లాగే నాకు దారి చూపింది.

ఒక గంట గడిచాక ఇంకో తకరారు. ఐమ్యాప్ సంభాషణ కూడా సుమారుగా టోకెన్ ఆయుష్షు తీరేదాకానే సాగుతుంది, ఆ తర్వాత సర్వరు తెంచేస్తుంది. సిల్ఫీడ్ పద్ధతిగా మళ్లీ కలుస్తుంది గాని, గుర్తుంచుకున్న పాత టోకెన్‌నే మళ్లీ ఇస్తుంది. పాస్‌వర్డును గుర్తుంచుకోవడం సౌకర్యం, టోకెన్‌ను గుర్తుంచుకోవడం చేటు. ఎక్స్‌ఓఆథ్2 ఖాతాలకు గుర్తుంచుకోవడాన్ని పూర్తిగా తీసేసి, కలిసిన ప్రతిసారీ స్క్రిప్టునే అడిగేలా మార్చాను. దీనివల్ల మొదటి కనెక్షన్ రెప్పపాటు ఆలస్యమవుతుంది, నాకు అభ్యంతరం లేదు.

మార్చి నెలాఖరుకు అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, ఒక ఉదయం ఏ మార్పూ చేయకుండానే లాగిన్ ఆగిపోయింది. రాత్రి నడిచిన కోడే. లాగ్‌లోని వివరణ చూస్తే రిఫ్రెష్ టోకెన్‌కే కాలం చెల్లింది. అది నెలల తరబడి ఉండవలసినది కదా అని నా స్క్రిప్టును అనుమానించి తిరగేశాను. చివరకు జవాబు మెయిల్ సేవ డాక్యుమెంటేషన్‌లో దొరికింది: పరీక్ష దశలో ఉంచిన బయటి యాప్‌కు ఇచ్చే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చచ్చిపోతుంది. వ్యక్తిగత వాడకానికి సొంత యాప్ నమోదు చేసుకునే ప్రతివాడికీ ఎదురయ్యే సంగతి ఇది. సంస్థ లోపలి యాప్‌గా నమోదైతే ఆ 7 రోజుల నిబంధన ఉండదు. అడ్మిన్ గారికి ఈ ముక్క రాసి, బయటి వెండరుగా కాకుండా సంస్థ సొంత యాప్‌గా ఆయన ఖాతా నుంచే నమోదు చేయమని కోరాను. వెండర్ అన్న గడి లేకపోయేసరికి ఆయన పని కూడా తేలికైంది. ఏప్రిల్ 9న గుర్తింపు సంఖ్య నా చేతికి వచ్చింది. నెల రోజుల పైచిలుకు నిరీక్షణలో కోడ్ వల్ల జరిగిన జాప్యం చాలా తక్కువ.

ఏప్రిల్‌లో మిగిలిన రోజులు పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన నడిపాను. ఆ తీరికలో, భద్రతా లోపాల బహిరంగ జాబితాలో సీవీఈ-2021-37746 అనే సంఖ్యతో ఉన్న లోపం సంగతి చూశాను. ఉత్తరంలోని లింకును నొక్కినప్పుడు, పైకి కనబడే చిరునామా, లోపల దాగిన చిరునామా వేరైతే హెచ్చరించే తనిఖీ సరిపోనంతగా ఉండటమే ఆ లోపం. క్లాస్ మెయిల్ 3.18.0లో దాన్ని సరిచేశారు, సిల్ఫీడ్ 3.7.0లో అది అలాగే ఉంది. రెండింటికీ మూలం ఒకటే కాబట్టి ఆ దిద్దుబాటును చదివి, నా కోడ్‌కు అనువుగా తెచ్చుకోవడం కష్టం కాలేదు. నిజం చెప్పాలంటే, ఓఆథ్ కంటే ముందు చేసి ఉండవలసిన పని ఇదే. పట్టించుకునేవారు లేని ప్రోగ్రామును వాడుకుంటున్నప్పుడు, బయటపడిన లోపాల జాబితాను మనమే అప్పుడప్పుడు వెతుక్కుంటూ ఉండాలి, మనకు ఎవరూ వచ్చి చెప్పరు.

తెలుగు విషయంలో నాకు భయం ఉండేది. విషయం వరుసలో తెలుగు రాస్తే అది ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఈమెయిల్ ప్రమాణం ప్రకారం ముక్కలుగా వెళ్తుంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణం ఒక్కొక్కటీ 3 బైట్లు, బేస్64లో అది 4 అక్షరాలు. ముందూ వెనకా ఉండే గుర్తులు తీసేస్తే ఒక ముక్కలో 15 వర్ణాలే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, కంటికి కనబడని నాన్-జాయినర్ కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి "సాఫ్ట్‌వేర్" అన్న ఒక్క మాటే 11 తినేస్తుంది. ఒక వర్ణం మధ్యలో ముక్క తెగితే అవతలివాళ్లకు ప్రశ్నార్థకాలే కనబడతాయి. పొడవాటి పుస్తకాల పేర్లు, ఒత్తు మీద ఒత్తు వచ్చే మాటలు పేర్చి ఫోనుకూ, బ్రౌజరుకూ, క్లాస్ మెయిల్‌కూ పంపి చూశాను. ఒక్కటీ చెదరలేదు. ఏళ్ల క్రితం జపనీస్ అవసరాల కోసం జాగ్రత్తగా రాసిన భాగం అది, తెలుగుకూ అలాగే పనికొచ్చింది. అక్కడ నేను ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.

మే 1 గురువారం. ఉదయం పాత ఖాతా తప్పు చూపింది, కొత్తది తెరుచుకుంది. అదే రోజు ఒక ప్రూఫు పంపబోతే ఫారం సంఖ్య కుదరలేదని నా తనిఖీ ఆపింది కూడా.

ఆగస్టులో ఒకసారి మళ్లీ ఆగింది. సంస్థ నియమం ప్రకారం పాస్‌వర్డు మార్చాను. మెయిల్ అనుమతి ఉన్న రిఫ్రెష్ టోకెన్లు పాస్‌వర్డు మారగానే రద్దవుతాయట. స్క్రిప్టును ఒకసారి నడిపి, బ్రౌజరులో మళ్లీ అంగీకరిస్తే సరిపోయింది. ఇప్పుడు పాస్‌వర్డు మార్చవలసిన తేదీ పక్కనే ఈ పని కూడా క్యాలెండరులో రాసుకున్నాను.

ఇవాళ నా దగ్గర ఉన్నవి మూడు కొత్త ప్యాచ్‌లు, నా పాత మార్పులు, వాటిని 3.7.0 మీద వరుసగా వేసే ఒక చిన్న ఫైలు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ కంపైల్ చేసి, ఉత్తుత్తి ఖాతాతో ఒక ఉత్తరం పంపి, ఒకటి తెచ్చుకుని చూస్తున్నాను. జీటీకే 2ను నా డిస్ట్రిబ్యూషన్ తీసేస్తే దాన్ని కూడా నేనే మోసుకు తిరిగే ఉద్దేశం లేదు, అప్పుడు క్లాస్ మెయిల్‌కే వెళ్తాను. దాని నాలుగో తరం జీటీకే 3 మీద నడుస్తోంది, ఎంహెచ్ ఫోల్డర్లను నేరుగా చదువుతుంది. నకలు చేసి పెట్టుకున్న డిస్కు మీద అది కూడా ఒకసారి తెరిచి చూశాను. ఉత్తరాలన్నీ వచ్చాయి, ఫోల్డర్ల క్రమం మాత్రం మళ్లీ పేర్చుకోవాలి.